తలుపు తట్టేవాడు, తలుపు తీసేవాడు

పోయిన నెలలో ఒక ఆదివారం రెండో పూజ ముగిసి జనమంతా వెళ్లిపోయాక కూడా ఒక తల్లి గుడి మెట్ల దగ్గరే నిలబడి ఉంది. "ఏమ్మా, ఏమైనా మాట్లాడాలా?" అన్నాను. "మావాడికి మీరొక్క మాట చెప్పాలి ఫాదర్ గారూ. జనవరిలో మంచుకొండల్లోకి కారేసుకుని ఒక్కడే పోతాడంట. నేను చెబితే నవ్వుతున్నాడు. మీరు చెబితే వింటాడు" అంది. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. ముప్పై దాటలేదు. సెలవు మీద ఇంటికి వచ్చి ఉన్నాడు. సాయంత్రం పంపమన్నాను.

వచ్చాడు. వినయంగా కూర్చున్నాడు. కోతలు కోసే కుర్రవాడై ఉంటాడనుకున్నాను, కాదు. ఫోనులో పటం తీసి దారంతా చూపించాడు. టైర్లకు చుట్టే ఇనుప చెయిన్లు, మంచు తవ్వే పార, దళసరి రగ్గులు, అయిదు రోజులకు సరిపడా తిండి, అన్నీ ఒక జాబితాగా రాసుకున్నాడు. కారు అద్దానికి జపమాల కూడా వేలాడదీశానని చెప్పాడు, నన్ను సంతోషపెట్టడానికి కాబోలు. "అంతా బాగానే ఉంది, ఒక్కడివే ఎందుకు నాయనా?" అన్నాను. "ఒక్కణ్ణే వెళ్లాలని ఉంది ఫాదర్" అన్నాడు. కాసేపాగి, నేను అడగని ప్రశ్నకు జవాబు చెప్పాడు. "నా సెలవు, నా డబ్బు, నా కారు. ఏదన్నా అయితే పోయేది నా ప్రాణం. ఇంకొకరికి నష్టం లేనప్పుడు ఇందులో తప్పేముంది?"

ప్రియ పాఠకులారా, గురువిద్యాలయంలో నేను తత్వశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నవాడిని. ఈ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. అమ్మ బాధపడుతుంది అనవచ్చు. అది నిజమే గాని జవాబు కాదు. అమ్మ బాధపడుతుందని మానుకుంటూ పోతే సైన్యంలో చేరేవాడుండడు, చేపల వేటకు సముద్రం మీదికి వెళ్లేవాడుండడు, గురువిద్యాలయంలో చేరేవాడూ ఉండడు. మా అమ్మ కూడా నన్ను రైలెక్కించి ఏడ్చింది. అందుకని ఆ అబ్బాయిని వారం రోజులు గడువడిగాను. ఆ వారంలో నాకు తోచినది ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి కుర్రవాడో, ఈ రోజుల్లో అమ్మాయో ఉంటే, వాళ్లతో కూర్చుని చదవండి.

ముందు ఆ దారి సంగతి తెలుసుకోవాలి. తెలియకుండా మాట్లాడితే పిల్లలు మన మాట వినరు, వినకపోవడం న్యాయమే. అతడు వెళ్లదలచింది హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు. దాని ముఖ్య పట్టణం కాజా దాదాపు 12,000 అడుగుల ఎత్తున ఉంది. అక్కడికి రెండు దారులు. మనాలీ వైపు నుంచి కుంజుమ్ కనుమ మీదుగా వెళ్లేది దగ్గర దారి. ఆ కనుమ 15,000 అడుగుల ఎత్తు. చలికాలం మొదలు కాగానే మంచు మూసేస్తుంది, మళ్లీ ఎండాకాలం దాకా తెరవరు. 2020 అక్టోబరు 3న రోహ్‌తాంగ్ కింద 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక లాహౌల్ లోయకు చలికాలంలోనూ రాకపోకలు సాధ్యమయ్యాయి గాని, కుంజుమ్ మాత్రం తన పాత పద్ధతి మార్చుకోలేదు.

రెండో దారి సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా. నార్కండ, రాంపూర్, రెకాంగ్ పియో, పూహ్, నాకో, టాబో, కాజా. సిమ్లా నుంచి నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఇది డల్‌హౌసీ కాలంలో, 1850 ప్రాంతంలో, టిబెట్టు వర్తకం కోసం మొదలుపెట్టిన బాటకు వారసురాలు. సట్లెజ్ నది పక్కనే పోతుంది. కొన్నిచోట్ల కొండను పక్కనుంచి తొలిచి, పైన రాతి కప్పు అలాగే వదిలేసి, కింద రోడ్డు వేశారు. ఖాబ్ దగ్గర స్పితి నది వచ్చి సట్లెజ్‌లో కలుస్తుంది. అక్కడి నుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ నాకో ఊరికి ఎక్కుతుంది. ఈ దారి చలికాలమంతా తెరిచే ఉంటుందని అంటారు. అంటే మంచు పడినప్పుడు, కొండచరియ జారినప్పుడు మూతపడుతుంది, ఎవరో శుభ్రం చేస్తే మళ్లీ తెరుచుకుంటుంది. ఈ "ఎవరో" అన్న మాట గుర్తుంచుకోండి. దానికి మళ్లీ వస్తాను.

జనవరిలో కాజాలో రాత్రిపూట సున్నాకు దిగువ 20 డిగ్రీలు మామూలు. నీటి గొట్టాలు పగిలిపోతాయని చలికాలం ముందే వాటిని ఖాళీ చేసేస్తారు. బకెట్లతో నీళ్లు మోసుకోవాలి. డీజిలు చిక్కబడి, మన ఇళ్లలో చలికి పేరుకున్న కొబ్బరినూనెలా అవుతుంది. లడఖ్ కోసం 2019లో ప్రత్యేకంగా ఒక చలికాలపు డీజిలు తయారుచేయవలసి వచ్చింది, అది సున్నాకు దిగువ 33 డిగ్రీల దాకా పారుతుందట. బాటరీ సత్తువ సగమైపోతుంది. రోడ్డు మీద తెల్లగా కనిపించే మంచు కన్నా కనిపించని మంచు ప్రమాదం. పగలు కొండ నుంచి కారిన నీళ్లు సాయంత్రానికి అద్దంలా గడ్డకడతాయి. తారు రోడ్డు తడిగా ఉంది కాబోలు అనుకుంటాం. బ్రేకు తొక్కితే కారు మన మాట వినదు, లోయ మాట వింటుంది.

ఇవన్నీ ఆ అబ్బాయికి నాకంటే బాగా తెలుసు. అతడి జాబితాలో లేనివి రెండు ఉన్నాయి. ఒకటి అతడి బుద్ధి, రెండోది ఇతరులు.

బుద్ధి అంటే తెలివితక్కువవాడని కాదు. చలి మనిషిని చంపే క్రమం అలాంటిది. ఒంటి వేడి 35 డిగ్రీలకు తగ్గితే ముందు వణుకు. ఇంకా తగ్గితే వణుకు ఆగిపోతుంది. మాట తడబడుతుంది, చేతులు చెప్పిన పని చేయవు, ఆలోచన మందగిస్తుంది. తుదిదశలో కొందరు వేడిగా ఉందని బట్టలు విప్పేసుకుంటారు. మంచులో దొరికిన శవాల దగ్గర విప్పిన కోట్లు పక్కనే పడి ఉండటం వైద్యులు గమనించిన విషయం. ఎత్తు వల్ల వచ్చే జబ్బు కూడా ముదిరితే అంతే. మెదడును పట్టుకుని, ఏమీ కాలేదులే పోదాం అనిపిస్తుంది. అంటే ప్రాణం కన్నా ముందు పోయేది వివేకం. పక్కన ఇంకొకడుంటే "ఒరేయ్, నీ మాట తేడాగా ఉంది, కూర్చో" అంటాడు. ఒంటరివాడికి ఆ మాట అనేవాడు లేడు. తనకు తానే న్యాయమూర్తి, ఆ న్యాయమూర్తికే మతి చలించింది.

కారులో కూర్చుంటే భద్రమే కదా అంటారు. 2022 జనవరిలో పాకిస్థాన్‌లోని ముర్రీ అనే కొండ ఊరి దగ్గర ఒకేసారి వచ్చిన మంచు తుపానులో వేలాది వాహనాలు చిక్కుకున్నాయి. 20 మందికి పైగా కార్లలోనే చనిపోయారు. వారిలో చిన్న పిల్లలున్న కుటుంబాలు కూడా ఉన్నాయి. వెచ్చదనం కోసం ఇంజను ఆన్ చేసి అద్దాలు మూసుకుంటే, సైలెన్సరు గొట్టం చుట్టూ మంచు పేరుకుని విషవాయువు లోపలికే వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్ర వచ్చినట్టే ఉంటుంది. ముర్రీలో కొన్ని మరణాలకు అదే కారణమన్నారు. బయటికి దిగి గొట్టం చుట్టూ మంచు తీసిరా అని చెప్పగల మనిషి మెలకువగా ఉండటమే అలాంటప్పుడు మందు.

ఈ సందర్భంలో పదకొండవ భక్తినాథ పాపుగారు జ్ఞాపకం వస్తారు. పాపు కాకమునుపు ఆయన, అంటే అకిల్లే రాత్తి గురువు, గట్టి పర్వతారోహకుడు. 1889లో ఇటలీ వైపు నుంచి మోంటే రోజా తూర్పు గోడను ఎక్కి, శిఖరానికి కాస్త కింద ఒక ఇరుకైన రాతిగట్టు మీద రాత్రంతా గడిపారు. అయితే ఆయన ఒక్కరే లేరు. తోటి గురువు ఒకరు, దారి తెలిసినవారు ఇద్దరు ఉన్నారు. కొండలెక్కడం మెడలు విరగ్గొట్టుకునే ఆట కాదని, అందులో కావలసింది వివేకమూ కాస్త ధైర్యమూ అని ఆయన అభిప్రాయం. ధైర్యానికి "కాస్త" అని కొలత వేసిన తీరు నాకు నచ్చింది.

ధైర్యం గురించి పెద్దలు చెప్పినది ఇక్కడ కొంచెం చూద్దాం, తత్వశాస్త్రం అంటే భయపడకండి. పిరికితనానికి, దుడుకుతనానికి నడుమ ఉండేది ధైర్యమన్నాడు అరిస్టాటిల్. ఇంకో సంగతి కూడా గమనించాడు. దుడుకువాడు ప్రమాదానికి ముందు ఉరకలు వేస్తాడు, ప్రమాదం ఎదురుకాగానే వెనక్కి తగ్గుతాడు. ఇది మన ఊళ్లలో కూడా చూస్తూనే ఉంటాం. కాని నన్ను పట్టి నిలిపింది పునీత తోమాసు అక్వినాసు. ఆయన భయపడటాన్నే కాదు, భయం లేకపోవడాన్ని కూడా దోషంగా లెక్కవేశారు. ఎందుకంటే భయం ప్రేమలోంచి పుడుతుంది. మనం దేన్ని ప్రేమిస్తామో అది పోతుందేమోనని భయపడతాం. కనుక భయం బొత్తిగా లేనివాడిలో ప్రేమ తక్కువై ఉండాలి, లేదా గర్వం ఎక్కువై ఉండాలి, లేదా సంగతి అర్థం కాకుండా ఉండాలి. ఆ అబ్బాయి రెండుసార్లు "నాకు భయం లేదు ఫాదర్" అన్నాడు. వాళ్లమ్మకు రాత్రిళ్లు నిద్రలేదు. ఇద్దరిలో ఎవరు బలహీనులని అడిగితే మనమంతా తల్లి పేరే చెబుతాం. తోమాసుగారు ఒప్పుకోరు.

అయితే ఒంటరిగా వెళ్లాలనే కోరికనే తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. మన పిల్లలు ఎలా బతుకుతున్నారో మనకు తెలియదు. పదో అంతస్తులో ముగ్గురు కలిసి ఒక ఫ్లాటు, పొద్దున లేస్తే ఫోను, బస్సులో ఫోను, ఆఫీసులో తెర, రాత్రి మళ్లీ తెర. ఒక గంట తన మనసు చప్పుడు తనకు వినపడదు. క్రీస్తునాధుడు కూడా జనాన్ని పంపివేసి ఒంటరిగా కొండకు వెళ్లేవారు. ఎడారి తండ్రులు ఎందుకు ఎడారికి పోయారు? టాబోలో మట్టి గోడల బౌద్ధ మఠం ఒకటి ఉంది, క్రీ.శ. 996లో స్థాపించారు. వెయ్యి సంవత్సరాలుగా ఆ చలిలో మనుషులు మౌనం కోసం కూర్చుంటున్నారు. మంచు మౌనాన్ని వెతుక్కోవడం పాపమైతే పెద్దవాళ్లందరూ పాపులే. ఏడాదికి ఒకసారి మూడు రోజుల తపోధ్యానాలకు వెళ్లి అక్కడ కూడా కబుర్లు చెప్పుకునే నాలాంటి గురువులు ఈ కుర్రవాణ్ణి వేలెత్తి చూపకూడదు.

కాని ఒంటరిగా అంటే ఏమిటి? ఇప్పుడు "ఎవరో" దగ్గరికి వస్తాను. ఆ రోడ్డు తనంతట తాను ఉండదు. సరిహద్దు రోడ్లను కాపాడేందుకు 1960లో బోర్డర్ రోడ్స్ ఆర్గనైజేషన్ ఏర్పడింది. రాత్రి పడిన మంచును తెల్లవారుజామున యంత్రంతో నెట్టేవాడు ఒకడున్నాడు. చరియ జారిన చోట, పైనుంచి ఇంకా రాళ్లు దొర్లుతుండగా, కింద నిలబడి రాళ్లేరేవాళ్లున్నారు. హిమాలయాల రోడ్ల మీద ఆ కూలిపని చేసేవారిలో చాలామంది జార్ఖండ్‌లోని దుమ్కా ప్రాంతపు ఆదివాసులు. మనలాగే ఎండదేశంవాళ్లు. 2020 జూన్‌లో, కరోనా రోజుల్లో, లడఖ్ రోడ్ల పనికి వాళ్లను తీసుకుపోవడానికి దుమ్కా నుంచి ప్రత్యేక రైలు వేశారు. రోడ్ల మీద దేశం వాళ్లమీద అంతగా ఆధారపడి ఉంది. వాళ్లలో ఒక్కడు కూడా మౌనం కోసం అక్కడికి వెళ్లలేదు.

ఇంకా ఉంది. చలికాలంలో స్పితిలో ఇంటిల్లిపాదీ ఒకే గదిలో, పొయ్యి చుట్టూ బతుకుతారు. ఆ పొయ్యిలో కాలేది ఎండాకాలమంతా పోగుచేసుకున్న కట్టెలు, పిడకలు. చెట్లు అరుదైన దేశం, ఏప్రిల్ దాకా ఆ పోగే గతి. అక్కడ జనవరిలో వచ్చిన అతిథి ఒక రాత్రి పడుకుంటే, అతడు ఎంత డబ్బిచ్చినా, ఆ ఇంటి పోగులోంచి ఒక రాత్రి వెచ్చదనం తరుగుతుంది. డబ్బు మండదు. కనుక ఒంటరి ప్రయాణం అనేది లేదు. దారి పొడవునా పేరు తెలియని మనుషుల భుజాల మీద నడుస్తూ, పక్క సీటు ఖాళీగా ఉంది గనుక ఒంటరినని అనుకుంటున్నాం, అంతే. "పోయేది నా ప్రాణం" అన్న మాట ఇక్కడ కూలిపోతుంది. అతడు మంచులో చిక్కుకున్నాడని తెలిస్తే ఆ ఊరివాళ్లు పారలు పట్టుకుని బయలుదేరతారు. వాళ్లు తమ ప్రాణాలను అతడి జాబితాలో రాయమని చెప్పలేదు.

ఇంతవరకు వచ్చాక నా పని అయిపోయిందనుకున్నాను. ఈ మాట చెప్పి పంపించేద్దాం, తల్లి సంతోషిస్తుంది. కాని ఆ రాత్రి ఇంకో ఆలోచన వచ్చి నన్ను ఇరుకున పెట్టింది.

స్విట్జర్లాండుకు ఇటలీకి సరిహద్దులో, ఆల్ప్స్ పర్వతాల్లో, 2,469 మీటర్ల ఎత్తున ఒక కనుమ ఉంది. 1050 ప్రాంతంలో ఆవోస్తా పట్టణపు ప్రధాన గురువుగా ఉన్న బెర్నార్డుగారు అక్కడ బాటసారుల కోసం ఒక ఆశ్రమం కట్టించారు. ఆయన పేరు మీదే ఆ కనుమకు గ్రేట్ సెయింట్ బెర్నార్డు అని పేరు. పునీత అగస్తీను నియమావళిని పాటించే మఠవాస గురువులు దాదాపు వెయ్యేళ్లుగా అక్కడ ఉంటున్నారు. రోముకు పోయే యాత్రికులు, వర్తకులు, కూలి వెతుక్కునేవారు, సైనికులు, ఎవరు వచ్చినా చేర్చుకున్నారు. మతం, దేశం అడగలేదు. 1800 మేలో నెపోలియన్ తన సైన్యంతో ఆ దారినే దాటాడు. మంచు తుపానుల్లో గురువులు, పనివారు, కుక్కలను వెంటబెట్టుకుని దారి తప్పినవారి కోసం వెతికేవారు. బారీ అనే కుక్క 40 మందికి పైగా కాపాడిందని చెబుతారు. మెడలో సారాయి పీపా మాత్రం చిత్రకారుడి కల్పన, కుక్కలు అలాంటిదేమీ మోయలేదు. దొరకని రోజులూ ఉండేవి. ఆ నేల రాయి, తవ్వి పూడ్చడానికి వీల్లేదు. అందుకని చనిపోయినవారిని ఒక రాతిగదిలో ఉంచేవారు, ఎప్పటికైనా ఎవరైనా వెతుక్కుంటూ వచ్చి గుర్తుపడతారేమోనని.

1964లో ఆ కొండ కింద సొరంగం తెరిచారు. ఇప్పుడు అత్యవసరం ఉన్నవాడెవడూ చలికాలంలో ఆ కనుమ ఎక్కనవసరం లేదు. కార్లు, లారీలు కిందనుంచి పోతాయి. పైన రోడ్డు చలికాలమంతా మూసే ఉంటుంది. అయినా ఆశ్రమం మూయలేదు. చలికాలంలో మంచుబూట్లతోనో మంచుచెక్కలతోనో నడిచి వచ్చేవారి కోసం తలుపు తెరిచే ఉంటుంది. ఆలోచించండి. ఇప్పుడు అక్కడికి వచ్చేవారంతా రానవసరం లేనివారే! కావాలని వచ్చినవారే! వారికోసం కూడా అక్కడ దీపం వెలుగుతుంది. 1923లో బెర్నార్డుగారిని పర్వతారోహకులకు పాలక పునీతుడిగా ప్రకటించింది ఎవరనుకున్నారు? రాతిగట్టు మీద రాత్రి గడిపిన ఆ పదకొండవ భక్తినాథ పాపుగారే.

ఇది చదివినప్పుడల్లా నాకు ఒక రాత్రి గుర్తొస్తుంది. 1999 డిసెంబరు. నేను చింతపల్లి వైపు కొండల్లో ఒక చిన్న కేంద్రంలో ఉండేవాణ్ణి. ఆ ప్రాంతపు చలి మీలో కొందరికి తెలుసు, లంబసింగిలో పొద్దుటిపూట గడ్డి మీద మంచు పేరుకుంటుంది. రాత్రి పదకొండింటికి ఎవరో తలుపు కొట్టారు. మోటారు సైకిలు మీద ఒక్కడే వచ్చిన మనిషి, నలభై ఏళ్లుంటాయి. పొగమంచులో ఘాటు రోడ్డు కనపడక, చేతులు కొంకర్లుపోయి, హెల్మెట్ పట్టీ కూడా విప్పుకోలేకపోతున్నాడు. నేనే విప్పాను. "ఇంత రాత్రివేళ ఎందుకొచ్చావయ్యా?" అని అడిగాను. "ఊరికే అండి. మంచు చూద్దామని" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ వారంలోనే జ్వరంతో ఉన్న ఒక గిరిజన బిడ్డను డోలీలో దింపుకుంటూ పోయిన తండ్రిని చూసి ఉన్నాను. పెళ్లాం బిడ్డలు లేరా, బుద్ధి లేదా, లోయలో పడితే నిన్ను మోసేదెవరు అని, వేడినీళ్లు ఇచ్చేలోపల ఎన్ని అనాలో అన్నీ అన్నాను. అన్నీ నిజాలే. ఆయన ఒక్క మాట అనలేదు.

పొద్దున కాఫీ తీసుకువెళ్లేసరికి మనిషి లేడు. బయట ఇంకా పొగమంచు వీడలేదు. దుప్పటి మడతపెట్టి ఉంది. గ్లాసు కింద యాభై రూపాయల నోటు ఉంది. క్షేమంగానే దిగాడని మధ్యాహ్నం బస్సు డ్రైవరు చెప్పాడు. కాని ఆ నోటును చూసి నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు. నా మాటలతో నేను ఆ ఇంటిని లాడ్జి చేసేశాను. ఆయన అద్దె చెల్లించి, తెల్లవారకముందే, ఏ ప్రమాదం గురించి నేను తిట్టానో ఆ ప్రమాదంలోకే మళ్లీ వెళ్లిపోయాడు.

అందువల్ల నాకు తోచింది ఇది. "ఈ ప్రయాణం అవసరమా? నాకోసం ఎవరెవరు మంచులోకి దిగవలసి వస్తుంది?" అనే ప్రశ్న చాలా మంచి ప్రశ్న. కాని అది బయలుదేరేవాడు, బయలుదేరే ముందు, తన ఇంట్లో కూర్చుని వేసుకోవలసిన ప్రశ్న. తలుపు తీసేవాడు వేయవలసినది కాదు. వాడికి ఆ అధికారం లేదు. అదే ప్రశ్న తలుపు తట్టేవాడి నోట వివేకం, తలుపు తీసేవాడి నోట క్రూరత్వం. యెరికో దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి, "ఈ దారి మంచిది కాదని తెలిసీ ఒక్కడివే ఎందుకొచ్చావు?" అని ఆ సమరీయుడు అడిగినట్టు సువిశేషంలో లేదు. అడగడానికి నిజానికి చాలా సందుంది.

అలాగైతే దుడుకువాళ్లకు అలుసిచ్చినట్టు కాదా అని మీరడుగుతారు. ఎలాగూ కాపాడేవారున్నారని ఇంకా తెగిస్తారు కదా? కొంత నిజం. స్విట్జర్లాండులో హెలికాప్టరు వచ్చి కొండ మీదనుంచి దింపితే తరువాత బిల్లు పంపుతారు. అది అన్యాయమని నేననను. బిల్లు తరువాతి సంగతి, గుమస్తా సంగతి. తాడు వేసేవాడు తాడు వేస్తున్నప్పుడు లెక్క అడగకూడదు. ఇక తెరిచిన తలుపును చూసి తెగించేవాడి సంగతంటే, దేవాలయ శిఖరం మీదనుంచి దూకు, దూతలు పట్టుకుంటారులే అని సైతాను చెప్పిన మాట వంటిదే అది. పట్టుకునేవారున్నారని దూకడాన్ని క్రీస్తునాధుడు నమ్మకంగా లెక్కపెట్టలేదు. దూతలు లేరని ఆయన అనలేదు, దూకలేదు అంతే. అద్దానికి వేలాడే జపమాల గురించి ఆ అబ్బాయికి నేను చెప్పవలసింది కూడా ఇదే.

వారం తరువాత అతడు వచ్చాడు. వెళ్లవద్దని నేను చెప్పలేదు. వెళ్లమనీ చెప్పలేదు. ఒక కాగితం ఇచ్చి, "నీ జాబితా చూశాను నాయనా, ఇంకో జాబితా రాసుకురా. దారిలో నువ్వు ఆగిపోతే నీకోసం కదలవలసినవాళ్లెవరో వరుసగా రాయి. పేరు తెలియకపోతే పని రాయి" అన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. రెండు రోజుల తరువాత తెచ్చాడు. పైన వాళ్లమ్మ పేరుంది. తరువాత ఢిల్లీలో ఉన్న ఒక స్నేహితుడు. ఆ తరువాత పేర్లు లేవు. పూహ్‌లో మెకానిక్కు, చెక్‌పోస్టు పోలీసు, మంచు నెట్టే బండి డ్రైవరు, అతడి వెంట ఉండే కూలీలు నలుగురైదుగురు, నాకోలో తను దిగదలచిన ఇంటి యజమాని, ఆయన భార్య, కాజా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. పదహారు వరుసలు. చివర "ఇంకా ఉంటారు" అని రాశాడు.

అది రాశాక ప్రయాణంలో కొన్ని మార్పులు చేసుకున్నాడు. కారు రెకాంగ్ పియోలో పెట్టి అక్కడి నుంచి ప్రభుత్వ బస్సులో పోతానన్నాడు. దారి తెలిసిన డ్రైవరు, చుట్టూ ఊరివాళ్లు. సాయంత్రం నాలుగు తరువాత ఎక్కడున్నా అక్కడే ఆగిపోతాడు. ప్రతి మజిలీ నుంచి ఫోను చేస్తాడు, సిగ్నలు లేని చోట చెక్‌పోస్టులో పేరు రాయిస్తాడు. తను పడుకునే ఇళ్లకు చలికాలం రాకముందే డబ్బు పంపి, తన వంతు కట్టెలు కొని ఉంచమని చెప్పాడు. ఇది నాకు తట్టని ఆలోచన, అతడిదే. ఒక్కడే వెళ్లడం మాత్రం మానలేదు.

వాళ్లమ్మకు నా మీద కోపం తగ్గలేదు. "మాన్పించమంటే దారి చూపించారా ఫాదర్ గారూ" అంది పోయిన ఆదివారం. ఆమెకు జవాబు చెప్పలేదు, ఆమె దుఃఖం అబద్ధం కాదు కదా. జనవరి రెండోవారంలో అతడు బయలుదేరుతున్నాడు. ఆ కాగితానికి రెండు జిరాక్సు కాపీలు తీయించాం. ఒకటి నా బల్ల మీద ఉంది. రెండోది ఆమె జపమాల డబ్బాలో పెట్టుకుంది. రాత్రిపూట అందులోని పదహారు వరుసలూ చదివి పడుకుంటోందట.